నది తినేసిన దారాన్ని మళ్ళీ నేయడం: అరేబియా స్టీమ్‌బోట్ ఉన్ని గుడ్డకు నకలు తీసే పద్ధతి

నేను నేసిన గళ్ళ ఉన్ని చొక్కా చూసిన ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే. "ఇది ఎలా నేశారు? మేమూ నేయొచ్చా?" నేయొచ్చు. నాలుగు షాఫ్ట్‌ల (పోగుల్ని ఎత్తి దించే చట్రాలు) మగ్గం, ఓపిక, ఒక మంచి భూతద్దం ఉంటే చాలు. అయితే చాలామంది తప్పు చేసేది మగ్గం మీద కాదు, మగ్గం ఎక్కకముందే. అందుకే ఇందులో సగానికి పైగా తయారీ గురించే ఉంటుంది, విసుక్కోకండి.

చరిత్ర నాలుగు ముక్కల్లో: అరేబియా అనే స్టీమ్‌బోట్ 1856 సెప్టెంబరు 5న అమెరికాలోని మిస్సోరి నదిలో, పార్క్‌విల్ దగ్గర, నీళ్ళలో దాగిన చెట్టు మొద్దు గుచ్చుకుని మునిగింది. తర్వాత నది దారి మార్చుకుంది. 1988-89 చలికాలంలో తవ్వేనాటికి పడవ కాన్సాస్ వైపు ఒక చేను కింద, 45 అడుగుల లోతున ఉంది. అందులో దుకాణాలకు వెళ్తున్న సరుకు ఇప్పుడు కాన్సాస్ సిటీలో మ్యూజియంగా ఉంది. అదే నదిలో 1865లో మునిగిన బెర్ట్రాండ్ పడవ సరుకు అయోవాలోని డిసోటో అభయారణ్యం దగ్గర ఉంది. కింద చెప్పే పద్ధతి రెంటికీ పనికొస్తుంది, రంగుల విషయంలో మాత్రం తేడా ఉంది, అది 4లో చెప్తాను.

1. ఏది మిగిలింది, ఏది పోయింది

గాలి చొరని బురదలో ఉన్ని, పట్టు మిగిలాయి. నూలు, అవిసె నార పోయాయి. ఉన్ని, పట్టు జంతువుల నుంచి వచ్చిన ప్రోటీన్ పోగులు, నూలు, నార మొక్కల నుంచి వచ్చినవి. మొక్క పోగును బురదలోని సూక్ష్మజీవులు మెల్లగా తినేస్తాయి.

దీనివల్ల మీ పనికి మూడు చిక్కులు:

- మ్యూజియంలో నూలు చొక్కాలు కనిపించవు కాబట్టి అప్పటివాళ్ళు ఉన్నే తొడిగారనుకోకండి. పడవలో నూలు గుడ్డ బోలెడు ఉండి ఉంటుంది, అదంతా బురదలో కలిసిపోయింది.
- పడుగు (నిలువు పోగులు) నూలు, పేక (అడ్డం పోగులు) ఉన్ని పెట్టి నేసిన చవక గుడ్డలు అప్పట్లో ఎక్కువ. వాటిలో పడుగు పోతే మిగిలేది వదులుగా పడున్న పేక పోగుల కట్ట. అది గుడ్డలా కనబడదు.
- బట్టలు నూలు దారంతోనో నార దారంతోనో కుట్టినవి. దారం పోతే కోటు కాస్తా విడి ముక్కలైపోతుంది. బూట్లూ అలాగే ఊడిపోతే మ్యూజియంవాళ్ళు మళ్ళీ కుట్టాల్సి వచ్చింది.

కాబట్టి కళ్ళ ముందున్న గుడ్డను ఉన్నదున్నట్టు నేస్తే మీరు నేసేది 1856 నాటి గుడ్డ కాదు, 132 ఏళ్ళు బురదలో నానిన గుడ్డ. ఈ రెంటి మధ్య తేడా తెలుసుకోవడమే అసలు పని.

2. మ్యూజియం దగ్గర చేయాల్సింది

ముందు ఉత్తరం రాయండి. ఏ వస్తువు చూడాలనుకుంటున్నారో, ఎందుకో, అమ్ముతారా సొంతానికా అన్నది స్పష్టంగా చెప్పండి. అద్దం వెనక నుంచి ఫోన్‌తో తీసిన ఫొటోతో పోగులు లెక్కపెట్టడం కుదరదు, నేను ప్రయత్నించాను, అంగుళానికి నాలుగు పోగుల తేడా వచ్చింది.

తీసుకెళ్ళాల్సినవి:

- 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దం
- మిల్లీమీటర్ల స్కేలు, రంగుల కార్డు (ఫొటోలో రెండూ పడాలి)
- పెన్సిల్ (పెన్ను లోపలికి రానివ్వరు), గళ్ళ కాగితం

రాసుకోవాల్సినవి:

- వస్తువు నంబరు
- అంగుళానికి పడుగు, పేక పోగులు. కనీసం మూడు చోట్ల లెక్కపెట్టాలి, ఒక్కచోట లెక్క నమ్మొద్దు
- పోగు ఒంటిదా, రెండు పేటలదా
- పురి ఎటు తిరిగింది. నిలువుగా పట్టుకుని చూస్తే గీతలు ఎస్ అక్షరం నడుములా వాలాయా, జెడ్ నడుములా వాలాయా
- నేత సాదాదా, ట్విల్లా (ఏటవాలు గీతలు పడే నేత)
- అంచు ఉంటే అంచు నుంచి అంచుకు వెడల్పు
- కుట్టు రంధ్రాలు అంగుళానికి ఎన్ని

గుడ్డను ముట్టుకోవద్దు, తిప్పాలంటే అక్కడివాళ్ళనే తిప్పమనండి. కాల్చి చూసే పరీక్ష గురించి ఆలోచనే వద్దు.

3. ఖాళీని చదవడం

ఇది తొందర లేకుండా చదవండి, మొత్తం కిటుకు ఇక్కడే ఉంది.

గళ్ళ ఉన్ని గుడ్డలో కొన్నిచోట్ల పోగుల మధ్య వరుసగా ఖాళీ గీతలు కనిపిస్తాయి. చిరుగులా అంటే కాదు, చిరుగు అడ్డదిడ్డంగా ఉంటుంది. ఈ ఖాళీ మాత్రం ప్రతి గడికీ ఒకే దూరంలో, ఒకే వెడల్పులో వస్తుంది. అక్కడ నూలు పోగులు ఉండేవి. ఉన్ని మధ్యలో చవక నూలు పోగుల్ని గీతగా వేసేవాళ్ళు, నది వాటిని తినేసింది.

అక్కడ ఎన్ని పోగులు ఉండేవో ఎలా చెప్పాలి? మూడు సాక్ష్యాలు కలిపి చూడండి.

వెడల్పు. పక్కన అంగుళానికి 24 పోగులు ఉంటే ఒక్కో పోగుకు దాదాపు 1 మి.మీ. చోటు. ఖాళీ 4 మి.మీ. ఉంటే నాలుగు పోగులు. కానీ పక్క పోగులు ఖాళీలోకి జరిగి ఉంటాయి కాబట్టి ఈ లెక్క ఎప్పుడూ కాస్త తక్కువే చెప్తుంది.

అలలు. ఖాళీ మీదుగా వెళ్ళే ఉన్ని పోగును భూతద్దంతో చూడండి. ఒకప్పుడు నూలు పోగుల మీదుగా, కిందుగా వెళ్ళిన వంపు అందులో ఇంకా మిగిలి ఉంటుంది. రెండు పైకి, రెండు కిందికి నేసే ట్విల్‌లో నాలుగు పోగులకు ఒక పూర్తి అల.

ఏటవాలు గీత. నాకు బాగా నచ్చేది ఇదే. ఈ ట్విల్‌లో ప్రతి పడుగు పోగూ తన ముందుదాని కంటే ఒక పేక ఆలస్యంగా పైకి లేస్తుంది. పేకలకు 1 నుంచి 4 దాకా, మళ్ళీ 1 నుంచి నంబర్లు వేసుకోండి. ఖాళీకి ఇటుపక్క చివరి పోగు 1, 2 పేకల మీద తేలిందనుకోండి. అటుపక్క మొదటి పోగును చూడండి:

- 2, 3 మీద తేలితే పోయినవి 4, లేదా 8
- 3, 4 మీద తేలితే పోయింది 1, లేదా 5
- 4, 1 మీద తేలితే పోయినవి 2, లేదా 6
- మళ్ళీ 1, 2 మీదే తేలితే పోయినవి 3, లేదా 7

వెడల్పు 3.5 మి.మీ. అని చెప్తోంది, ఏటవాలు గీత 4 లేదా 8 అంటోంది. అంటే నాలుగే. వాదనకు చోటు లేదు. పేక వైపు ఖాళీలకూ ఇదే లెక్క, కాగితాన్ని అడ్డంగా తిప్పుకోండి, అంతే.

పోయిన పోగు రంగు మాత్రం ఖాళీ చెప్పదు. ఆ కాలం నాటి పూర్తి బట్టలు వేరే మ్యూజియాల్లో ఉంటాయి, వాటిని చూసి నిర్ణయించుకోవాలి. నేను తెల్ల నూలు వేశాను, అది నా ఊహ అని గుడ్డతోపాటు ఇచ్చే చీటీ మీద రాశాను. మీరూ రాయండి.

4. రంగు: బురదను నకలు తీయొద్దు

బురదలోని ఇనుము, కుళ్ళిన ఆకుల కషాయం ఉన్నికి బాగా పడతాయి. ముదురు గోధుమ రంగులో కనిపించే గుడ్డ నిజంగా గోధుమ రంగుదే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. మడత లోపల, కుట్టు లోపల, కాలరు కింద చూడండి, అసలు రంగు ఆనవాళ్ళు ఏమైనా ఉంటే అక్కడే. నీలిమందు రంగు బాగా గట్టిది, నిలుస్తుంది. ఎరుపులు మసకబారతాయి.

తేదీ చూసుకోవడం మర్చిపోకండి. ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త పెర్కిన్ తొలి కృత్రిమ ఊదా రంగును కనిపెట్టింది 1856లోనే, కానీ అది బజారుకు వచ్చింది ఆ తర్వాతే. కాబట్టి అరేబియా గుడ్డలో ఆ రకం ఊదా, రాణీ రంగు రాకూడదు. బెర్ట్రాండ్ మునిగిన 1865కి అవి బజార్లో ఉన్నాయి. నీలి, మంజిష్ఠ ఎరుపు, కొచినీల్ (పురుగు నుంచి తీసే రంగు) ఎరుపు, లాగ్‌వుడ్ (చెట్టు చేవ నుంచి తీసే రంగు) నలుపు అయితే రెంటికీ భయం లేదు.

ఇప్పటి యాసిడ్ డైలతో (ఉన్నికి వాడే రసాయన రంగులు) అదే ఛాయ తెచ్చుకున్నా తప్పేం లేదు. నేను చెట్ల రంగులే వాడతాను, అది నా పిచ్చి.

5. దారం, లెక్క

చాలామంది మన గొంగడి ఉన్నితో చేయొచ్చా అని అడుగుతారు. వద్దు. దక్కనీ గొర్రె ఉన్ని ముతక, వెంట్రుక గరుకు. గొంగడికి ఎంత బాగుంటుందో ఫ్లానెల్‌కు అంత పనికిరాదు. మెరినో తీసుకోండి.

అప్పటి ఫ్లానెల్ ఎక్కువగా ఒంటి పోగుతో నేసేవాళ్ళు. కొత్తవాళ్ళకు ఒంటి పోగు పడుగు తెగి తెగి ఏడిపిస్తుంది. మొదటిసారికి రెండు పేటల 2/18 (దారం సన్నదనం చెప్పే నంబరు) మెరినో వాడండి, రాజీ పడ్డామని ఒప్పుకుందాం. ఉన్ని 2/18కి, నూలు 2/12కి పొడవు-బరువు లెక్క ఒక్కటే. నూలు గీతకు అదే తీసుకోండి, మిగతా చూసుకోనక్కర్లేదు.

ఉదాహరణకు పూర్తయ్యాక 28 అంగుళాల వెడల్పు, 4 మీటర్ల పొడవు కావాలనుకుందాం. గడి 40 పోగులది: నీలం 16, తెల్ల నూలు 4, ఎరుపు 16, తెల్ల నూలు 4.

- మగ్గం మీద వెడల్పు: నేసేటప్పుడు అంచులు లోపలికి లాగుడూ, ఉతికాక ముడుచుకోవడమూ కలిపి 18 శాతం పోతుంది. 28ని 0.82తో భాగిస్తే 34 అంగుళాలు
- అంగుళానికి 20 పోగులు, మొత్తం 680. గడికి 40 చొప్పున సరిగ్గా 17 గళ్ళు
- పడుగు పొడవు: గుడ్డకు 5 మీటర్లు, నమూనాకు 0.75, మగ్గం దగ్గర వృథా 0.75, మొత్తం 6.5 మీటర్లు
- పడుగుకు 4,420 మీటర్లు, పేకకు దాదాపు 4,100 మీటర్లు
- 2/18 కిలోకు దాదాపు 10,000 మీటర్లు వస్తుంది. 850 గ్రాములు చాలు, కానీ 950 కొనండి

ఆ నమూనా ముక్క మానేద్దామని అనిపిస్తుంది. మానొద్దు. ఒకసారి "ప్యూర్ ఉల్" అని రాసి అమ్మిన దారం కొన్నాను. నమూనా ఉతికితే అస్సలు ముడుచుకోలేదు, అందులో నైలాన్ కలిసిందని అప్పుడు తెలిసింది. నమూనా లేకపోతే నాలుగు మీటర్లూ బూడిదలో పోసిన పన్నీరయ్యేది.

6. అద్దకం

నేయకముందే చిలపలు (దారం కట్టలు) అద్దాలి. ఉన్నికి రెండు శత్రువులు: హఠాత్తుగా మారే వేడి, ఘాటైన క్షారం.

పెడన కలంకారీ పని తెలిసినవాళ్ళు కరక్కాయతో మొదలుపెడదామనుకుంటారు. అది నూలు గుడ్డ పద్ధతి, ఉన్నికి అక్కర్లేదు. అలాగే మన నేత ఊళ్ళలో అద్దకానికి వాడే హైడ్రోస్ (సోడియం హైడ్రోసల్ఫైట్), కాస్టిక్ సోడా జంటలో కాస్టిక్‌ను దగ్గరికి రానివ్వకండి. వేడి కాస్టిక్‌లో ఉన్ని జిగురై కరిగిపోతుంది.

ఎరుపుకు (380 గ్రాముల ఉన్ని):

- పటిక 57 గ్రాములు, క్రీమ్ ఆఫ్ టార్టార్ 23 గ్రాములు. గోరువెచ్చని నీళ్ళలో చిలపలు వేసి, గంటసేపు మెల్లగా 80-85 డిగ్రీలకు తీసుకెళ్ళి, గంట ఉంచి, అదే నీళ్ళలో చల్లారనివ్వాలి
- మంజిష్ఠ వేరు పొడి 380 గ్రాములు. 65-70 డిగ్రీల దగ్గర గంటన్నర. 75 దాటితే ఎరుపు గోధుమలోకి తిరుగుతుంది
- ఆయుర్వేదం షాపులో దొరికే మంజిష్ఠ మన దేశపు రకం, ఛాయ వేరు. యూరప్ రకం, అంటే మాడర్ అని అమ్మేది కావాలి

నీలానికి: నీలిమందు, హైడ్రోస్, కొద్దిగా వాషింగ్ సోడా, 45-50 డిగ్రీల తొట్టి, పీహెచ్ 9 నుంచి 9.5 మధ్య. ఒక్కసారే ముదురు తేవాలని ఎక్కువసేపు ఉంచకండి. అయిదారు మునకలు, ప్రతి మునక మధ్యా గాలి. చివర వెనిగర్ కలిపిన నీళ్ళలో జాడించండి.

కిటికీ తెరిచి, చేతులకు గ్లవ్స్ వేసుకుని చేయాలి. వంటగిన్నెలు వాడొద్దు, ఇది ఇంట్లోవాళ్ళతో గొడవ వచ్చాక నేర్చుకున్నాను.

7. మగ్గం మీద

మాది చీరాల పక్క ఊరు, నూలు మగ్గం చప్పుడు మధ్యే పెరిగాను. అయినా ఉన్ని పడుగు ఎక్కించిన మొదటి రోజు చిన్నపిల్లాణ్ణైపోయాను. నూలు పడుగును బిగించినట్టు దీన్ని బిగించకూడదు. ఉన్ని సాగుతుంది, గుడ్డ దించగానే మళ్ళీ ముడుచుకుంటుంది, మీరు కొలిచిన పొడవంతా అబద్ధమవుతుంది.

- అంగుళానికి 10 పళ్ళ రీడ్ (కొందరు పన్నె అంటారు), పన్నుకు రెండు పోగులు
- నూలు పోగుల్ని ఉన్ని కంటే కాస్త బిగువుగా ఉంచండి. వీలైతే వాటిని వేరే కర్రకు చుట్టి బరువు కట్టండి
- పేక కూడా అదే వరుస: 16, 4, 16, 4. రంగుకు ఒక నాడె (పేక పోగును అటూ ఇటూ తీసుకెళ్ళే సాధనం) చొప్పున మూడు నాడెలు
- అంగుళానికి 20 పేకలు. పడుగు వదులు చేసి కొలవండి, బిగువు మీద కాదు

ప్రతి రెండు గళ్ళకొకసారి గడి చతురస్రంగా ఉందో లేదో చూడండి. మూల నుంచి మూలకు స్కేలు పెడితే 45 డిగ్రీల గీత ప్రతి గడి మూలనూ తాకాలి. గీత తప్పుతుంటే దెబ్బ గట్టిదో, మెత్తదో అయిందన్నమాట.

ఒంటి పోగుకు వెళ్ళినప్పుడు మాత్రం పడుగుకు గంజి కావాలి. గొంగడి నేసేవాళ్ళు చింతగింజల గంజి పెడతారు, మెరినోకు అదే బాగా పలుచన చేసి పెట్టండి. రెండు పేటలదానికి అక్కర్లేదు.

8. తడి పని

మగ్గం నుంచి దించినది ఇంకా గుడ్డ కాదు, వల. వేడి, సబ్బు, కదలిక తగిలితే ఉన్ని దగ్గరవుతుంది.

ముందు నమూనా. దాని కొలతలు రాసుకుని, 40 డిగ్రీల సబ్బునీళ్ళలో అయిదు నిమిషాలు పిసికి, కొలిచి, మళ్ళీ అయిదు నిమిషాలు. 28 అంగుళాల లెక్కకు చేరడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి, పెద్ద గుడ్డకు అంతసేపే. బాత్‌టబ్‌లో వేసి కాళ్ళతో తొక్కడం తేలిక, వాషింగ్ మెషీన్‌కు ఇస్తే ఒకే విడతలో కంబళి అవుతుంది.

ఇక్కడే నూలు గీత పగ తీర్చుకుంటుంది. ఉన్ని ముడుచుకుంటుంది, నూలు ముడుచుకోదు, గీత బుడగల్లా ఉబ్బుతుంది. అందుకే ఇలాంటి గుడ్డను నీళ్ళలో 10 శాతానికి మించి దగ్గర చేయొద్దు. కొద్దిపాటి ఉబ్బు తడిగా ఉన్నప్పుడు ఇస్త్రీ చేస్తే పోతుంది.

తర్వాత చల్లనీళ్ళలో కాదు, అంతే వేడి ఉన్న మంచినీళ్ళలో జాడించి, చతురస్రంగా సాగదీసి, చుట్టూ పిన్నులు పెట్టి ఆరబెట్టాలి. ఆరాక ఒక వైపు మెత్తని బ్రష్‌తో ఒకే దిశలో దువ్వితే ఫ్లానెల్ నూగు లేస్తుంది.

9. కుట్టు

ఆ కాలం పని చొక్కా అంతా చతురస్రాలు, దీర్ఘ చతురస్రాలే, చంకలో చిన్న చదరపు ముక్క. గుడ్డ దాదాపు వృథా కాదు.

1856 వస్తువుకు చేతి కుట్టు వేస్తే అనుమానం ఉండదు. మీరు రాసుకున్న రంధ్రాల లెక్క ఇప్పుడు పనికొస్తుంది, అంగుళానికి అన్నే కుట్లు. నార దారం, మైనం రాసి. బొత్తాలకు తెల్ల పింగాణీవి సరిపోతాయి, వాటిని తయారుచేసే ప్రాసర్ పద్ధతికి పేటెంట్ 1840 నాటిది. ప్లాస్టిక్ బొత్తం ఒక్కటి కనిపించినా ఇంత పనీ దండగ.

10. తరచూ వచ్చే తప్పులు

- గడి పొడవుగా వచ్చింది: పేక పలచబడింది. మిగతా గుడ్డలో గట్టిగా కొట్టండి, నేసినది కఫ్‌లకు, కాలరుకు వాడుకోండి
- ఎరుపు నుంచి తెల్ల నూలుకు రంగు అంటింది: చిలప సరిగా జాడించలేదు. గోరువెచ్చని నీళ్ళు, తేలిక సబ్బు, పూర్తిగా పోకపోవచ్చు
- నీలం చేతికి అంటుతోంది: పైపైన పట్టిన రంగు. మళ్ళీ అద్దొద్దు, వెనిగర్ నీళ్ళలో నానబెట్టి ఉతకండి
- ఉన్ని పడుగు పోగు ఒకటి మధ్యలో సాగిపోయింది: ఆ ఒక్క పోగు వెనక చిన్న బరువు వేలాడదీయండి
- అతిగా ముడుచుకుపోయింది: దీనికి మందు లేదు. చేతులు లేని కోటు కుట్టుకోండి

గుడ్డ చివర పేక తెగ్గొట్టేముందు ఒక పని చేయండి. అంచు దగ్గర నాలుగు పోగులు వేరే రంగువి వేసి, నేసిన ఏడాదిని లోపలి వైపు సూదితో కుట్టేయండి. మీ గుడ్డ బాగా కుదిరితే యాభై ఏళ్ళ తర్వాత ఎవరో ఒకరు దాన్ని పడవలోంచి తీసినదని అమ్మకుండా ఉంటారు. మ్యూజియం పేరు చెప్పి అమ్మాలనుకుంటే మాత్రం ముందు వాళ్ళ రాతపూర్వక అనుమతి తీసుకోండి. నాది అమ్మకానికి కాదు, చలికాలంలో తొడుక్కుంటున్నాను, మోచేతి దగ్గర అప్పుడే నూగు పోయింది.